రోగి మాటను చివరిదాకా విందాం

డాక్టరు గదిలో తరచూ కనిపించే దృశ్యం ఇది. "ఏమయింది పెద్దాయనా?" అని డాక్టరు అడుగుతారు. పెద్దాయన నోరు తెరిచేలోపే పక్కనున్న కొడుకు అందుకుంటాడు: "ఏం లేదు సార్, గ్యాసు. రాత్రి బజ్జీలు తిన్నాడు." పెద్దాయన తల దించుకుంటాడు. ఆయన చెప్పాలనుకున్నది వేరు. నాలుగడుగులు నడిస్తే గుండెల మీద బరువు పెట్టినట్టు ఉంటోంది, చెమట పడుతోంది. ఇవి గుండెజబ్బు లక్షణాలు కావచ్చు. కొడుకుది ప్రేమే. కానీ ఆ తొందరలో తండ్రి మాట లోపలే ఉండిపోయింది.

ప్రియ పాఠకులారా, సూది మందు కంటే, స్కానింగు కంటే ముందు వైద్యానికి కావలసింది రోగి మాట. దానిని మధ్యలో తుంచే అలవాటు కుటుంబాలకే కాదు, వైద్యులకూ ఉంది. 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే పరిశోధకులు 74 సంభాషణలను పరిశీలించారు. రోగి చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డు తగులుతున్నారని తేలింది. కనుక ఈ పాఠం మాకూ, మీకూ కూడా.

వినడానికి అడ్డుపడేవి ఏమిటి?

1. భాష: హిందూపురం కర్ణాటక సరిహద్దులోని ఊరు. ఇక్కడ తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. తెలుగులో 'సుస్తీ' అంటే ఒంట్లో బాగాలేకపోవడం. కన్నడంలో 'సుస్తు' అంటే అలసట. ఉర్దూ మాట్లాడే అవ్వ 'చక్కర్' అంటే కళ్ళు తిరుగుతున్నాయని అర్థం. దానిని 'చక్కెర' అని విని షుగరు జబ్బు అనుకునే ప్రమాదం ఉంది. అర్థం కాకపోతే "ఎక్కడ? ఎట్లా ఉంది? చేత్తో చూపించు" అని అడగండి.

2. వినికిడి: వయసు మళ్ళినవారికీ, మరమగ్గాల చప్పుడులో ఏళ్ళ తరబడి పనిచేసినవారికీ చెవులు మందగించవచ్చు. వారు తల ఊపినంత మాత్రాన విన్నారని అనుకోవద్దు. అడిగితే విసుక్కుంటారేమోనని ఊరికే తల ఊపేవారు చాలామంది.

3. సిగ్గు, భయం: కోడలు అత్త ఎదుట, తల్లి కొడుకు ఎదుట కొన్ని బాధలు చెప్పుకోలేరు. వారిని డాక్టరుతోనో నర్సుతోనో ఒంటరిగా మాట్లాడనివ్వండి.

4. తొందరపాటు ధైర్యం: "ఏం కాదులే, ఊరికే ఆలోచించొద్దు" అని మనం మంచి మనసుతోనే అంటాం. కానీ ఆ మాటతో రోగి నోరు మూతపడుతుంది.

ఎలా వినాలి?

• నిలబడి కాదు, మంచం పక్కన కూర్చుని, ముఖం చూస్తూ వినండి. సెల్‌ఫోను పక్కన పెట్టండి.

• మాట పూర్తయ్యేదాకా ఆగండి. తర్వాత "నడిస్తేనే వస్తోందా నాయనా, పడుకుంటే తగ్గుతోందా?" అని మీరు విన్నది తిరిగి చెప్పి సరిచూసుకోండి. "ఇంకేమైనా ఉందా?" అని అడగండి. అసలు బాధ చాలాసార్లు చివర్లోనే బయటపడుతుంది.

• చెవులు మందగించినవారితో అరవవద్దు. అరిస్తే మాట చెదురుతుంది. మీ ముఖం వెలుతురులో ఉండేలా ఎదురుగా కూర్చుని, నిదానంగా, ఒక్కొక్కరే మాట్లాడండి.

• పక్షవాతంతో మాట పడిపోయినవారికి మనం చెప్పేది చాలావరకు అర్థమవుతూ ఉండవచ్చు. వారి ఎదుటే వారి గురించి కానిమాటలు అనవద్దు. "అవును", "కాదు" అని తలతో చెప్పగల ప్రశ్నలు అడిగి, జవాబుకు సమయం ఇవ్వండి.

• డాక్టరు చెప్పిన మందుల వరుసను గది దాటేముందు మీ మాటల్లో తిరిగి చెప్పండి. "పొద్దున తిండికి ముందు ఒకటి, రాత్రి తిన్నాక ఒకటి, అంతేనా సార్?" అంటే పొరపాటు అక్కడే తెలిసిపోతుంది. ఇందులో నామోషీ ఏమీ లేదు.

మాట వెనుక మాట

కొన్ని మాటలను మరీ శ్రద్ధగా వినాలి. "నేనుంటే మీకు భారమే", "ఇక బతికి ఏం లాభం" అని రోగి అంటే కోప్పడవద్దు, నవ్వి కొట్టిపారేయవద్దు. అప్పుల బాధతో ధర్మవరం నేతన్నలు ప్రాణాలు తీసుకున్న వార్తలు 2000 దశకంలో మనల్ని ఎంతో కలచివేశాయి. జబ్బు, అప్పు కలిసి వచ్చిన ఇంట్లో ఇలాంటి మాటను తేలికగా తీసుకోకూడదు. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని మెల్లగా, సూటిగానే అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ మాత్రమే. అడిగినవారు ఉన్నందుకు మనసు తేలికపడుతుంది. వారిని ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టరుకు చెప్పండి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు.

బైబిలులో యోబు కథ మీకు తెలిసే ఉంటుంది. ఒళ్ళంతా కురుపులతో బూడిదలో కూర్చున్న అతని దగ్గరకు ముగ్గురు స్నేహితులు వచ్చారు. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఒక్క మాటా లేకుండా నేలమీద అతనితో కూర్చున్నారు. అన్నిటిలోకి వారు చేసిన మేలు అదే. ఆ తర్వాత నోరు తెరిచి, 'నీ తప్పు వల్లనే ఈ బాధ' అని వాదించడం మొదలుపెట్టాక అతని బాధ ఇంకా పెరిగింది.

పెనుకొండ నుంచో ధర్మవరం నుంచో బస్సెక్కి, కూలి మానుకుని, సద్ది కట్టుకుని మీవారి కోసం వచ్చి కూర్చున్నారు. ఈ సాయంత్రం వార్డులో దీపాలు తగ్గించే ముందు ఒక్క పది నిమిషాలు మంచం పక్కన కూర్చోండి. "ఎట్లా ఉంది?" అని అడిగి, జవాబు పూర్తిగా వినండి. విన్నది రేపు డాక్టరుకు చెప్పండి. మీకు తోడుగా దేవుడు ఉండును గాక.