ప్రాయోపవేశం - వినువారి ధర్మం

శాంతియుతమైన నిరసనలో ప్రాణాన్ని పణంగా ఒడ్డడం వీరకృత్యమా, వ్యర్థమా అన్న ప్రశ్న మన దేశంలో పాతదే. అటువంటి మరణం సంభవించిన ప్రతిసారీ రెండు పక్షాలు తలయెత్తుతవి. 'అమరుడైనాడు' అని ఒక పక్షం, 'నిష్కారణంగా ప్రాణం పోగొట్టుకున్నాడు' అని మరొక పక్షం. ఇవి పరస్పర విరుద్ధమైన సమాధానాలని మనం భావిస్తున్నాము. నిదానించి చూచినచో ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలకు సమాధానాలు. వీరం చేయువాని గుణం. వ్యర్థత చేసినదాని ఫలానికి సంబంధించినది. గుణం అతని అధీనంలో ఉన్నది. ఫలం అతనిని చూచువారి, వినువారి అధీనంలో ఉన్నది. ఈ భేదాన్ని గుర్తించని కారణం చేత కొందరిని అన్యాయంగా నిందిస్తున్నాము. మరికొందరిని పొగడి, మన బాధ్యతను తప్పించుకుంటున్నాము. ఈ రెండవ దోషం రచయితలకు మరింత సులభంగా అంటుకొనునది గనుక ఈ విషయాన్ని కొంత విపులంగా పరిశీలించడం అవసరం.

వీరం అనగానే యుద్ధమూ మరణమూ స్ఫురించడం మన అలవాటు. ఆలంకారికుల మాట అది కాదు. వీరరసానికి స్థాయి ఉత్సాహం, మరణం కాదు. సాహిత్యదర్పణకారుడైన విశ్వనాథుడు దానవీరం, ధర్మవీరం, యుద్ధవీరం, దయావీరం అని దానిని నాలుగు విధాలుగా విభజించినాడు. నాలుగింటిలో ఒక్కటి మాత్రమే ఆయుధాన్ని కోరుతున్నది. ఆయుధం పట్టకుండా ఆపదకు ఎదురు నిలిచినవానికి శాస్త్రం ఏనాడో చోటు సిద్ధం చేసి ఉంచినది. అయితే ఇందులో ఒక హెచ్చరిక కూడా ఉన్నది. స్థాయి ఉత్సాహమైనప్పుడు, జీవితంపై విరక్తితో వచ్చిన మరణం వీరం కాజాలదు. బ్రతుకుపై ప్రీతి గలవాడు ఆ ప్రీతిని తనకంటె పెద్దదైన ఒక విషయానికి ఒప్పగించినప్పుడే ఆ మాట చెల్లుతుంది.

హర్షుని 'నాగానందం' ఇందుకు చక్కని నిదర్శనం. జీమూతవాహనుడు శంఖచూడునికి బదులుగా వధ్యశిలపై కూర్చుండి గరుత్మంతునికి తన శరీరాన్ని అర్పించినాడు. ఆ నాటకంలోని రసం శాంతమా, దయావీరమా అని ఆలంకారికులు చర్చించినారు. మన ప్రస్తుత విషయానికి కావలసినది ఆ నాయకుని గుణం కాదు, గరుత్మంతుని మార్పు. తినుచున్నవాడు మధ్యలో ఆగి, ఈ ఆహారం నవ్వుతున్నదేమి అని ఆశ్చర్యపడినాడు, ప్రశ్నించినాడు, పశ్చాత్తాపపడినాడు. నాగజాతి బ్రతికినది ఆ ప్రశ్న వలన. జీమూతవాహనుడు మాత్రం గౌరీదేవి అనుగ్రహం వలన బ్రతికినాడు. చరిత్రలో గరుత్మంతులు కలరు, గౌరీదేవి లేదు. అందుచేత అక్కడ గరుత్మంతుడు ఎంత ఆలస్యంగా ఆగినాడు అన్నదే ప్రాణసంకటమైన ప్రశ్న అవుతున్నది.

ప్రాయోపవేశమనే మాటకు మన ఇతిహాసాలలో వేర్వేరు ఛాయలున్నవి. అయోధ్యాకాండలో భరతుడు దర్భలు పరచి, అన్నగారు మనసు మార్చుకొనువరకు ఎదుట పడి ఉందునన్నాడు. రాముడు దానిని అంగీకరించలేదు. అది క్షత్రియునికి తగిన విధి కాదని మందలించి లేపినాడు. నిరశనతో ఎదుటివానిని నిర్బంధించడం న్యాయమా అనే ఆక్షేపణ అంత ప్రాచీనమైనది. అది రాముని నోట వెలువడినది. కిష్కింధాకాండలో అంగదాదులు సీత జాడ తెలియక, సుగ్రీవుని వద్దకు తిరిగి పోలేక, సముద్రతీరంలో ప్రాయోపవేశం చేసినారు. అది పోరాటం కాదు, నిరాశ. ఆ సమయంలో గుహలో నుండి సంపాతి వెలుపలికి వచ్చినాడు. మొదట తనకు ఆహారం లభించినదని సంతోషించినవాడు, వారి మాటలలో తమ్ముడైన జటాయువు పేరు విని నిలిచిపోయినాడు. లంక జాడ చెప్పినాడు. వానరుల ఉపవాసం ఫలించినది వారి దీక్షాబలం వలన కాదు. ఆకలితో వచ్చినవాడు ఆలకించినందువలన.

పూర్వపు రాజ్యవ్యవస్థలో ఈ ఆలకింపునకు ఒక ఉద్యోగమే ఉన్నట్లు కనిపిస్తున్నది. 12వ శతాబ్దిలో కల్హణుడు రచించిన 'రాజతరంగిణి'లో న్యాయం కోరి ప్రాయోపవేశం చేసినవారి ప్రసక్తి పలుచోట్ల ఉన్నది. యశస్కరుని కథలో, ప్రాయోపవేశం చేయువారిని కనిపెట్టి రాజుకు నివేదించుటకు నియుక్తులైన అధికారులు కనిపిస్తారు. ఆకలితో పడి ఉన్న ప్రజకు రాజు సమాధానం చెప్పవలెనన్న భావన అందులో ఇమిడి ఉన్నది.

ఆధునిక కాలంలో ఆ పని రాజోద్యోగి నుండి సాక్షికి, ముఖ్యంగా కలం పట్టిన సాక్షికి, సంక్రమించినది. 1930 మే 21న గుజరాతులోని ధారాసన ఉప్పుకొఠారులపైకి సత్యాగ్రహులు బారులు తీరి నడిచినారు. వారికి నాయకత్వం వహించినది కవయిత్రి సరోజినీ నాయుడు. ఇనుపపొన్నుల లాఠీలు తలలపై పడుతున్నప్పుడు ఒక్కరు కూడా దెబ్బ కాచుకొనుటకు చేయెత్తలేదని అక్కడ ఉన్న అమెరికన్ విలేఖరి వెబ్ మిల్లర్ వ్రాసినాడు. ఆస్పత్రిలో తాను లెక్కించిన క్షతగాత్రులు 320 మంది అనీ, ఇద్దరు మరణించినారనీ తెలిపినాడు. ఆనాడు సత్యాగ్రహులు ఉప్పుకొఠారులను స్వాధీనం చేసుకొనలేదు. కేవలం ఫలదృష్టితో చూచినచో అది పరాజయం. కాని మిల్లర్ వార్త దేశదేశాల పత్రికలలో వెలువడిన పిమ్మట, బ్రిటిషు పాలనకు నైతికాధికారం కలదని చెప్పడం కష్టమైనది. దెబ్బ తిన్నవారి ధైర్యమూ, చూచినవాని అక్షరమూ కలిసినప్పుడే ఆ సంఘటన పూర్తి అయినది.

మన తెలుగువారికి అత్యంత సన్నిహితమైన ఉదాహరణ పొట్టి శ్రీరాములుగారిది. ఆయన జీవితంలోనే ఈ ప్రశ్నకు రెండు సమాధానాలున్నవి. 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి ఆలయంలో అస్పృశ్యులుగా చూడబడినవారికి ప్రవేశం కోరి ఆయన నిరశన పూనినారు. ఆలయద్వారాలు తెరచుకున్నవి, ఆయన బ్రతికినారు. 1952 అక్టోబరు 19న మద్రాసు మైలాపూరులో, బులుసు సాంబమూర్తిగారి ఇంట, ఆంధ్రరాష్ట్రం కోరి మరల నిరశన ప్రారంభించినారు. 58 రోజుల అనంతరం డిసెంబరు 15 రాత్రి కన్నుమూసినారు. మనిషి మారలేదు, దీక్ష మారలేదు. మారినది ఎదుట ఉన్న శ్రోత.

ఆ శ్రోత వృత్తాంతం కొంత నిదానంగా చదువవలసినది. ఆంధ్రరాష్ట్రం ఆనాడు వినరాని కోరిక కాదు. అంతకు ముందే, 1951లో, స్వామి సీతారాం అదే కోరికపై దీర్ఘనిరశన చేసి వినోబా భావే మాటపై విరమించినారు. శ్రీరాములుగారి దీక్ష ఏడవ వారంలో ఉండగా, డిసెంబరు 3న, ప్రధాని నెహ్రూ మద్రాసు ముఖ్యమంత్రి రాజగోపాలాచారికి లేఖ వ్రాస్తూ, ఈ నిరశనకు తాను చలించలేదనీ, దీనిని పట్టించుకొనదలచలేదనీ తెలిపినారు. డిసెంబరు 12న వ్రాసిన మరొక లేఖలో ఆంధ్రుల కోరికను అంగీకరించవలసిన సమయం వచ్చినదని సూచించినారు. ఆ మాట బహిరంగ ప్రకటనగా లోకసభలో వెలువడినది డిసెంబరు 19న. మధ్యలో ఉన్నది డిసెంబరు 15. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడినది. మద్రాసు నగరం అందులో చేరలేదు. ఆ సంవత్సరాంతంలో నియమితమైన రాష్ట్రాల పునర్విభజన సంఘం నివేదిక ననుసరించి 1956 నవంబరు 1న దేశపటమే మారినది.

ఈ ఫలితాలను చూచి ఆ మరణాన్ని సార్థకమనడం పరిపాటి. నేను ఆ మాటను కాదనను. కాని ఆ మాటలో ఒక ప్రమాదం పొంచి ఉన్నది. రాష్ట్రం రావడానికి ఆయన చనిపోవడం అవసరమైనదని మనం తెలియకుండానే ఒప్పుకుంటున్నాము. డిసెంబరు 12 నాటి లేఖను తలచుకున్నచో ఆ అవసరం ఎంతటిదో సందేహం కలుగుతుంది. మనసులో అంగీకరించిన దానిని నోట పలుకుటకు పట్టిన వ్యవధిలో ఒక ప్రాణం పోయినది. అంతేకాదు. ఆ మరణవార్తతో ఆంధ్ర జిల్లాలలో చెలరేగిన అల్లర్లలో, పోలీసు కాల్పులలో మరికొందరు మరణించినారు. వారు దీక్ష పూనినవారు కారు. మరణాన్ని కోరి ఎన్నుకున్నవారు కారు. శ్రీరాములుగారి పేరు ఒక జిల్లాకూ ఒక విశ్వవిద్యాలయానికీ లభించినది. వారి పేర్లు మన కావ్యాలలో ఎక్కడనూ కనిపించవు. ఆలస్యంగా వినడానికి చెల్లించిన మూల్యంలో వారి ప్రాణాలు కూడా చేరి ఉన్నవి.

ఇటీవలి కాలంలో గంగానది కోసం నిరశన చేసిన జి.డి. అగర్వాల్‌గారి చరిత్ర ఈ విషయాన్నే మరింత స్పష్టం చేస్తున్నది. ఆయన కాన్పూరు ఐ.ఐ.టి.లో ఆచార్యులుగా పనిచేసినవారు. తరువాత సన్యసించి స్వామి సానంద్ అయినారు. భాగీరథిపై లోహారినాగ్ పాలా విద్యుత్ పథకాన్ని ప్రభుత్వం 2010లో రద్దు చేసినది. అందుకు ఆయన నిరశనలు ఒక ముఖ్యకారణం. 2018లో ఆయన మరల నిరశన పూని, 111 రోజుల అనంతరం అక్టోబరు 11న ఋషికేశంలో మరణించినారు, కోరినది నెరవేరలేదు. నది అదే, మనిషి అతడే. మొదటిదాన్ని వివేకమనీ రెండవదాన్ని మూర్ఖత అనీ చెప్పడానికి ఆధారమేమి? ఫలభేదం తప్ప గుణభేదం ఇందులో కనిపించదు.

వినకుండుటకు మరొక ఉపాయం కూడా కలదు. 2000 నవంబరు 2న మణిపూరులోని మాలోం వద్ద బస్సు కొరకు వేచి ఉన్న 10 మంది సాయుధబలాల కాల్పులలో మరణించినారు. సాయుధబలాల ప్రత్యేకాధికారాల చట్టాన్ని రద్దు చేయవలెనని కోరుతూ ఇరోం షర్మిల నిరశన మొదలుపెట్టినది. ఆత్మహత్యాయత్నమనే నేరం మోపి, నాసికలో గొట్టం ద్వారా ఆహారమందించి, దాదాపు 16 సంవత్సరాలు ఆమెను బ్రతికించినారు. ప్రాణం నిలిచినది, ప్రశ్న నిలిచిపోయినది. 2016 ఆగస్టు 9న ఆమె నిరశన విరమించినప్పుడు అభినందించినవారితోపాటు అలిగినవారు కూడా ఉన్నారు. మరుసటి సంవత్సరం శాసనసభ ఎన్నికలలో ఆమెకు లభించిన ఓట్లు 90. ఆమె కవయిత్రి. ఆమెపై వ్రాసినవారు అనేకులు. ఆమెను ప్రతిమగా నిలిపి పూజించినవారికి, ఆ ప్రతిమ పీఠం దిగి అన్నం తిని మామూలు మనిషి వలె మాట్లాడడం రుచించలేదు. ఇది ఆమె వైఫల్యం కాదు. మన స్తుతిలోని క్రౌర్యం.

ఇక్కడ ఒక బలమైన పూర్వపక్షాన్ని విస్మరించరాదు. నిరశన ఎల్లప్పుడూ బలహీనుని ఆయుధమే అని చెప్పలేము. 1932 సెప్టెంబరు 20న గాంధీజీ యెరవాడ కారాగారంలో నిరశన ప్రారంభించినప్పుడు, ఆ ప్రాణభారం చివరకు పడినది బ్రిటిషు ప్రభుత్వంపై కాదు, అస్పృశ్యవర్గాలకు ప్రత్యేక నియోజకవర్గాలు కోరిన డాక్టర్ అంబేద్కర్‌పై. నాలుగు రోజులకు పూనా ఒడంబడిక కుదిరినది. అది నిర్బంధమని అంబేద్కర్ తరువాతి కాలంలో తీవ్రంగా విమర్శించినారు. 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో ప్రసంగిస్తూ, రాజ్యాంగబద్ధమైన మార్గాలు తెరచి ఉన్నప్పుడు సత్యాగ్రహాది పద్ధతులకు సమర్థన లేదని హెచ్చరించినారు. రాముడు భరతునికి చెప్పిన మాటకు ఇది దూరం కాదు. ఈ ఆక్షేపణకు నాకు తోచిన సమాధానం ఒక్కటే: ఎదుటివాడు బలవంతుడై, వినగల శక్తి ఉండి వినకుండుటయే ప్రాయోపవేశానికి న్యాయం చేకూర్చగలదు. ఎదుటివాడు తనకంటె దుర్బలుడైనప్పుడు నిరశన చేయువాని నిష్కల్మషత్వం కూడా ఆ కార్యాన్ని రక్షించలేదు. మార్గాలు తెరచి ఉన్నవా అన్నది కూడా కాగితం చూచి కాక, ఆ మార్గాన పోయినవారి అనుభవం చూచి నిర్ణయించవలసినది.

ఈ కార్యానికి పేరు పెట్టడంలోనే తీర్పు ఇమిడి ఉన్నది. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సామాన్యమైన ఆత్మహత్యాయత్నం నేరంగా కనిపించదు. కాని ప్రభుత్వోద్యోగిని నిర్బంధించే ఉద్దేశంతో చేసిన ఆత్మహత్యాయత్నానికి 226వ విభాగం శిక్ష విధిస్తున్నది. చట్టం తన మాటను ఎన్నుకున్నది. అభిమానులు 'బలిదానం' అనే మాటను ఎన్నుకుంటారు. బలి అన్నప్పుడు దానిని కోరిన దేవత ఒకటి ఉండవలెను. ప్రజాస్వామ్యంలో అటువంటి దేవతను ప్రతిష్ఠించడం మనకు తగునా? చట్టపు మాట అడిగినదానిని మరుగుపరుస్తున్నది. స్తుతిమాట విననివారిని మరుగుపరుస్తున్నది. రెండింటికీ లోబడకుండా వ్రాయడం రచయిత కర్తవ్యం.

ఆ కర్తవ్యం ఎలిజీతో మొదలు కారాదు. దీక్షలో ఉన్న మనిషి ఏమి కోరుతున్నాడు, ఎవరిని కోరుతున్నాడు, అది న్యాయమేనా, సమాధానం చెప్పవలసినవారు ఏ రోజున ఏమి పలికినారు, ఏ రోజున మౌనం వహించినారు - ఇవి ప్రాణం ఉండగా వ్రాయవలసిన విషయాలు. కోరిక అన్యాయమని తోచినచో ఆ సంగతి కూడా అప్పుడే నిర్భయంగా చెప్పవలెను; మరణానంతరం చెప్పడం నిర్దయ, చెప్పకుండుట కపటం. అతడు దీక్ష విరమించి తిరిగి వచ్చినచో అతనిని వీరుడనుటకు మన భాషలో చోటుండవలెను. స్థాయి ఉత్సాహమే గాని మరణం కాదన్న ఆలంకారికుల మాట ఇక్కడ మనకు తోడ్పడుతుంది.

ప్రాణాన్ని ఒడ్డినవాడు తన వంతు పని చేసినాడు. అది వ్యర్థమైనదని తీర్పు చెప్పుటకు ముందు, అతడు జీవించి ఉన్న దినాలలో మనం ఏమి వ్రాసినామో ఒకసారి తీసి చదువుకొనుట మంచిది.