ఎక్కడుందో చెప్పే గాలియం

కురబలకోట నుంచి మదనపల్లె మార్కెట్‌కి టమోటా తోలే పెద్దాయన రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేస్తుంటే ఇంట్లోవాళ్లు 'వయసు' అని సరిపెట్టుకుంటారు. చాలామందిలో అది మామూలు ప్రొస్టేట్ వాపే. చిక్కేమిటంటే, తొలిదశ క్యాన్సర్ ఆమాత్రం సూచన కూడా ఇవ్వదు. నడుం నొప్పంటూ వేలూరుకో బెంగళూరుకో బస్సెక్కేసరికి ఒక్కోసారి ఎముకలకు పాకేసి ఉంటుంది.

పీఎస్‌ఏ రక్తపరీక్ష 'ఏదో ఉంది' అంటుందే తప్ప ఎక్కడుందో చెప్పదు. పైగా వాపుకీ, ఇన్‌ఫెక్షన్‌కీ కూడా పెరుగుతుంది. జాడ పట్టిచ్చేది పీఎస్‌ఎంఏ. చాలావరకు ప్రొస్టేట్ క్యాన్సర్ కణాల మీద దట్టంగా ఉండే ప్రొటీన్ అది. దానికే అతుక్కునే చిన్న అణువుకి గాలియం-68 తగిలించి నరంలోకి ఎక్కిస్తారు. గంటకల్లా ఆ కణాలు గుమిగూడిన చోటు పెట్ స్కాన్‌లో మెరుస్తుంది. క్యాన్సర్ ఎంతవరకు పాకిందో చెప్పడంలో ఈ స్కాన్‌ది 92 శాతం కచ్చితత్వమనీ, పాత సీటీ, ఎముకల స్కాన్లది 65 శాతమేననీ 2020లో ఆస్ట్రేలియా అధ్యయనం తేల్చింది. అదే డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ దీన్ని అనుమతించింది.

అన్నట్టు, ఈ ప్రొటీన్ మనకు మరీ పరాయిదేం కాదు. పేగుల్లో ఆహారంలోని ఫోలేట్‌ని తుంచేది ఇదే. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1940ల్లో లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే!

అలాగని అందరూ స్కాన్‌కి పరుగెత్తనక్కర్లేదు. లాలాజల గ్రంథులూ, మూత్రపిండాలూ కూడా అందులో మెరుస్తాయి, కొన్ని కణితులు అసలు మెరవవు. బయాప్సీ చేస్తేనే నిర్ధారణ. యాభై దాటినవారు, తండ్రికో అన్నకో ఈ జబ్బు వచ్చివుంటే ఇంకాస్త ముందే, పీఎస్‌ఏ సంగతి డాక్టర్ని అడగాలి. దానికి మదనపల్లె దాటి వెళ్లే పనిలేదు.