ఇంటిల్లిపాదికీ ఒకే ఇంటర్నెట్



ఇంటికి ఇంటర్నెట్ పెట్టించుకోవడం ఇప్పుడు గ్యాసు కనెక్షను తీసుకున్నంత మామూలు సంగతి అయిపోయింది. మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ వారు దీన్ని ప్రజలకు అందుబాటులోకి తెచ్చింది 1995 ఆగస్టు 15న. అప్పుడు అది టెలిఫోను తీగ మీద నడిచేది. కంప్యూటరులో ఇంటర్నెట్ ఉన్నంతసేపూ ఎవరు ఫోను చేసినా ఎంగేజే! 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. తొలి ధర నెలకు 149 రూపాయలు. కరెంటు స్తంభాల మీదుగా గాజుతీగ లాగి పల్లెలకు కూడా ఇచ్చారు. ఈవేళ తిరుపతిలోనైనా, చిత్తూరులోనైనా ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలు ఒకటికి నాలుగున్నాయి.

కనెక్షను రావడంలో కష్టమేమీ లేదు. వచ్చినదాన్ని ఇంట్లో అందరికీ పంచడంలోనే ఉంది తంటా అంతా. హాల్లో చక్కగా వస్తుంది, మిద్దె మీద గదిలో చదువుకునే బిడ్డకు రాదు. 2020లో బడులు మూసేసినప్పుడు మెట్ల మీద కూర్చుని పాఠాలు విన్న పిల్లలు ఎందరో!

దీన్ని మన నీళ్ల సంగతితో పోల్చి చూడండి. వీధి కొళాయి నీళ్లు సంపులో పడతాయి, మోటారు పైకెక్కిస్తుంది, మిద్దె మీది ట్యాంకు నుంచి వంటింటికీ స్నానాలగదికీ పైపులు వెళతాయి. ఇంటర్నెట్‌కూ అంతే. బయటి నుంచి వచ్చే గాజుతీగ వెంట్రుకంత సన్నన. అందులో ప్రయాణం చేసేది వెలుగు. ఆ వెలుగును కంప్యూటరుకు అర్థమయ్యే విద్యుత్ సంకేతంగా మార్చే పెట్టె ఒకటి, దాన్ని ఇంట్లోని ఫోన్లకూ టీవీకీ పంచే రౌటరు ఒకటి. చాలా కంపెనీలు ఈ రెండింటినీ ఒకే పెట్టెలో ఇస్తున్నాయి. గాజుతీగను గోడ మూలలో మడిచి మేకు కొట్టించకండి. మడత దగ్గర వెలుగు కారిపోతుంది.

మరి ఒకే కనెక్షను పది పరికరాలకు ఎలా సరిపోతుంది? రౌటరు ఇంట్లోని ప్రతి ఫోనుకూ ఒక లోపలి నంబరు ఇస్తుంది, 192.168.1.5 లాంటిది. అదే నంబరు పక్కింటివాళ్ల ఇంట్లోనూ ఉండవచ్చు, ఇబ్బంది లేదు. బయటి ప్రపంచానికి కనబడేది ఇంటి మొత్తానికి ఒకే చిరునామా. ఉమ్మడి కుటుంబానికి డోరు నంబరు ఒకటే అయినా, వచ్చిన ఉత్తరాలను అత్తగారు ఎవరివి వారికి అందించినట్టన్నమాట.

వేగం విషయంలో ఒక మెలిక ఉంది. 40 అని ప్లానులో రాసి ఉంటే అవి మెగాబిట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి సెకనుకు దిగేది 5 మెగాబైట్లే. అయినా భయపడనక్కర లేదు. మంచి బొమ్మతో సినిమా చూడటానికి సుమారు 5 మెగాబిట్లు చాలు, వీడియో కాలుకు అంతకన్నా తక్కువ. నలుగురున్న ఇంటికి 40 ధారాళంగా సరిపోతుంది. పై గదిలో రాలేదని ఇంకా పెద్ద ప్లాను తీసుకోవడం కంటే పెట్టె ఉన్న చోటు మార్చడం మేలని నా అభిప్రాయం.

మామూలుగా కనెక్షను ఇచ్చే అబ్బాయి తీగ ఎక్కడ లోపలికి వస్తే అక్కడే, వీధి గుమ్మం పక్కనో టీవీ వెనకో బిగించి పోతాడు. అక్కడ వద్దు. ఇంటి నడుమ, మనిషి ఎత్తుకు పైన పెట్టమనండి. ఇనుప బీరువా, పెద్ద అద్దం, ఫ్రిజ్, నీళ్ల డ్రమ్ము, ఇవన్నీ సంకేతాన్ని అడ్డుకుంటాయి. కాంక్రీటు శ్లాబు సరేసరి. రౌటరు రెండు రకాల తరంగాలు పంపుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌ది దూరం పోతుంది, గోడలు దాటుతుంది, కానీ వేగం తక్కువ. మైక్రోవేవ్ ఓవెన్ నడిచేటప్పుడు తడబడేది కూడా ఇదే. 5 గిగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువ, గోడంటే మాత్రం దానికి గిట్టదు. కొన్ని పెట్టెలలో దీని పేరు చివర 5జీ అని ఉంటుంది. అది మొబైలు 5జీ కాదు, గమనించండి.

మిద్దె మీదికి కావాలంటే నమ్మకమైన దారి తీగే. క్యాట్ 6 అనే తీగ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. పూర్తి రాగిది అడిగి తీసుకోండి. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్నది చవకగా దొరుకుతుంది గానీ నాకు నమ్మకం లేదు. పైన రెండో రౌటరు పెట్టి దాన్ని ‘యాక్సెస్ పాయింట్’గా మార్చమనండి. లేకపోతే రెండు పెట్టెలూ పోటీపడి నంబర్లు పంచుతాయి, కింద ఉన్న ప్రింటరు పై కంప్యూటరుకు కనబడదు. కరెంటు పోయినప్పుడు పనికివచ్చేలా రౌటరుకు 12 వోల్టుల చిన్న యూపీఎస్ దొరుకుతుంది. ఎండాకాలంలో అది అక్కరకొస్తుంది.

ఇక తాళం సంగతి. మన తిరుపతి ఇళ్లకు దర్శనానికి వచ్చే చుట్టాలు ఏడాది పొడుగునా ఉంటారు. ఒకప్పుడు గుమ్మంలో అడుగుపెడుతూనే మంచినీళ్లు అడిగేవాళ్లు, ఇప్పుడు వైఫై పాస్‌వర్డ్ అడుగుతున్నారు! లేదనలేం. అందుకని రౌటరులో ‘గెస్ట్’ అని వేరే పేరు పెట్టే వీలుంది. చుట్టాలకు, అద్దెకున్నవాళ్లకు అది ఇవ్వండి. మీ కంప్యూటరూ ప్రింటరూ వారి కంటబడవు. అయినా బిల్లు ఎవరి పేరున ఉందో బాధ్యత వారిదే.

ఇది ఉత్తుత్తి భయం కాదు. 2008 జూలై 26న అహమ్మదాబాదులో బాంబులు పేలడానికి కొద్ది నిమిషాల ముందు వెళ్లిన బెదిరింపు ఈమెయిలు, నవీ ముంబైలో ఉంటున్న ఒక అమెరికా దేశస్థుడి ఇంటి కనెక్షను నుంచి పోయింది. పోలీసులు వెళ్లింది ఆయన ఇంటికే. ఆయన వైఫైని వేరెవరో వాడుకున్నారని తర్వాత తేలింది. పెట్టె మీద అచ్చువేసి ఉన్న పాస్‌వర్డును మొదటిరోజే మార్చేయండి. సెట్టింగులలోకి వెళ్లే రెండో పాస్‌వర్డు కూడా ఉంటుంది, చాలామంది దాన్ని మరచిపోతారు. తాళం రకం అడిగితే డబ్ల్యుపీఏ2 గానీ 3 గానీ ఎంచుకోండి.

300 రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదల చేసే రోజున ఇంట్లో అయిదు ఫోన్లు ఒకేసారి తెరిచి కూర్చుంటాం కదా. ఆ పేజీకి పెద్ద వేగం అక్కరలేదు, మధ్యలో తెగకుండా ఉంటే చాలు. రౌటరున్న గదిలోనే కూర్చోండి, పిల్లల సినిమా కాసేపు ఆపించండి. దేవస్థానం వారి అధికార వెబ్‌సైటులోనే కొనండి. దొంగ సైట్లలో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి, ఆలస్యమైతే డబ్బు చేతులు మారిపోతుంది.

రౌటరు వెనక సూది దూరేంత రంధ్రం ఉంటుంది. దాన్ని పిన్నుతో నొక్కి పట్టుకుంటే మనం పెట్టుకున్న పేర్లూ తాళాలూ అన్నీ చెరిగిపోతాయి. పిల్లలు సరదాకి నొక్కేస్తారు. కనుక ఆ వివరాలన్నీ ఒక కాగితం మీద రాసి గ్యాసు పుస్తకంలో పెట్టుకోండి.