నిజామాబాద్ ఆడబిడ్డ, ఇస్తాంబుల్ బంగారు పతకం

2022 మే 19వ తేదీన టర్కీలోని ఇస్తాంబుల్ నగరంలో ప్రపంచ మహిళా బాక్సింగ్ పోటీల ఫైనల్ జరిగింది. 52 కిలోల విభాగంలో థాయ్‌లాండ్‌కు చెందిన జుటామస్ జిట్‌పాంగ్‌ను 5-0 తేడాతో ఓడించి బంగారు పతకం గెలిచిన అమ్మాయి పేరు నిఖత్ జరీన్. ఊరు నిజామాబాద్. మన దేశంలో అంతకుముందు ఈ ఘనత సాధించినవారు నలుగురే: మేరీ కోమ్, సరితాదేవి, జెన్నీ, లేఖ.

నిఖత్ తండ్రి జమీల్ అహ్మద్ ఒకప్పుడు ఆటగాడే. సౌదీలో సేల్స్ ఉద్యోగం చేసి, నలుగురు కూతుళ్ల చదువు కోసం, నిఖత్ ఆట కోసం తిరిగివచ్చేశారు. గల్ఫ్ నుండి ఇంటికి డబ్బు పంపే తండ్రులు మన వైపూ ఉన్నారు. కూతురి ఆట కోసం ఆ డబ్బు వదులుకుని వచ్చిన తండ్రి ఎక్కడో గాని కనిపించడు.

మొదట ఆమె పరుగు పందేలలో పాల్గొనేది. మైదానంలో అన్ని ఆటలలోనూ ఆడపిల్లలున్నా బాక్సింగ్‌లో మాత్రం లేకపోవడం చూసి, ఎందుకని తండ్రిని అడిగింది. ఆడవాళ్లకు అంత బలం లేదని జనం అనుకుంటారని ఆయన చెప్పారు. ఆ మాటతోనే ఆమె గ్లౌజులు తొడిగింది. బాబాయి శంసముద్దీన్ శిక్షణ ఇచ్చారు. సాధనకు ఎదురుగా నిలిచేది మగపిల్లలే. ముఖం మీద దెబ్బలతో ఇంటికి వచ్చిన కూతుర్ని చూసి తల్లి పర్వీన్ సుల్తానా కన్నీరు పెట్టుకున్నారు, ఇక దీన్ని ఎవరు చేసుకుంటారని. పేరు వస్తే పెళ్లికొడుకులు వాళ్లే వరుసకడతారని అమ్మాయి నవ్వేసింది. బంధువులు మాత్రం నవ్వలేదు. నిక్కరు వేసుకుంటుందని ఆక్షేపించారు.

2009లో విశాఖపట్నంలోని క్రీడా ప్రాధికార సంస్థలో చేరి, ద్రోణాచార్య పురస్కార గ్రహీత వెంకటేశ్వరరావు దగ్గర శిక్షణ పొందింది. 2011లో టర్కీలోనే జూనియర్ ప్రపంచ విజేత అయింది. 2017లో భుజానికి గాయమై ఆట ఆగింది. కోలుకుని, 2019లో మేరీ కోమ్‌తో ఎంపిక పోటీ జరపాలని ధైర్యంగా అడిగింది. పోటీ జరిగింది, 9-1 తేడాతో ఓడిపోయింది. ఇస్తాంబుల్ విజయం ఆ తర్వాతిది. 2023లో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో మళ్లీ ప్రపంచ విజేత అయింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనాకు చెందిన వూ యూ చేతిలో ఓడింది. ఆ పోటీల్లో చివరికి స్వర్ణం గెలిచింది వూ యూనే. అదే ఏడాది తెలంగాణ ప్రభుత్వం నిఖత్‌ను డి.ఎస్.పి.గా నియమించింది.

నిజానికి మహిళల బాక్సింగ్‌కే గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. స్వీడన్ సమాఖ్య 1988లో అనుమతించింది. మొదటి ప్రపంచ పోటీలు 2001లో అమెరికాలోని స్క్రాంటన్‌లో జరిగాయి, మేరీ కోమ్ రజతం తెచ్చింది. ఒలింపిక్స్‌లో చోటు దొరికింది 2012లో, లండన్‌లో. ముహమ్మద్ అలీ కుమార్తె లైలా అలీ 1999లో రింగ్‌లోకి దిగి, 24 పోటీలాడి, ఒక్కటీ ఓడకుండానే విరమించింది.

ఇక ధర్మం సంగతి. ముఖం మీద కొట్టరాదన్న దైవప్రవక్త (స) ఆదేశం హదీసు గ్రంథాలలో ఉంది. మక్కాలోని రాబితా ఫిఖ్‌హ్ మండలి 1987లో బాక్సింగ్ ధర్మసమ్మతం కాదని తీర్మానించింది కూడా. దీన్ని మేము దాచము. కాని ఆ అభ్యంతరం మగవారికీ వర్తిస్తుందన్న మాట గుర్తుండాలి. ముహమ్మద్ అలీ బొమ్మను దుకాణంలో తగిలించుకున్నవారు నిఖత్ దగ్గరికి వచ్చేసరికి హదీసు వెతకడం న్యాయం కాదు. ఆట అనేదే ఆడవారికి తగదనేవారు హజ్రత్ ఆయిషా (రజి) దైవప్రవక్త (స)తో పరుగు పందెం వేసిన హదీసును చదవాలి. మొదటిసారి గెలిచింది ఆమే. దుస్తుల విషయంలోనూ అంతర్జాతీయ బాక్సింగ్ సమాఖ్య 2019లో హిజాబ్‌ను, ఒళ్లంతా కప్పే దుస్తులను అనుమతించింది. ఆస్ట్రేలియా యువతి టీనా రహీమీ హిజాబ్‌తోనే పారిస్ ఒలింపిక్స్‌లో పోటీపడింది.

మా కంభంలో తెల్లవారగానే చెరువుకట్ట మీద పరుగెత్తేది మగపిల్లలే. ఏడో తరగతి దాటిన ఆడపిల్లను ఆటల పీరియడ్‌లో గది లోపల కూర్చోబెట్టడం కంభంలోనే కాదు, మార్కాపురం, గిద్దలూరు వైపూ చూశాం. పిల్లను ఆటకు పంపవచ్చా అని తల్లులు మమ్మల్ని అడుగుతుంటారు. నేర్పేది ఉపాధ్యాయినేనా, మైదానానికి ప్రహరీ ఉందా, ఏ దుస్తులు వేసుకోమంటున్నారు అని మేము ఎదురు అడుగుతాం. చాలామందికి తెలియదు, బడికి వెళ్లి చూడలేదు గనుక. పాఠశాల యాజమాన్య కమిటీలో మనవాళ్లు సభ్యులుగా ఉన్నచోట ఈ మూడు సంగతులు సమావేశంలోనే అడగవచ్చు.