ఆటిజం: డబ్బాలో పొడి మందు కాదు

బెంగళూరులో హోసూరు రోడ్డు వెంబడి ఉన్న బొమ్మనహళ్ళి వంటి ప్రాంతాలలో తెలుగు కుటుంబాలు అనేకం ఉన్నాయి. ఇంట ఆటిజం ఉన్న బిడ్డ ఉంటే, "ఇది వాడితే మాటలు వస్తాయి" అంటూ పొడులు, మాత్రలు సూచించేవారికి కొదవ ఉండదు.

ఆటిజం మెదడు ఎదుగుదలకు సంబంధించినది. విటమిన్ బి6, మెగ్నీషియం మిశ్రమంపై 2005లోను, ఒమేగా-3పై 2011లోను కొక్రేన్ సంస్థ వెలువరించిన సమీక్షలు, అవి ఆటిజానికి పనిచేస్తాయనడానికి తగిన ఆధారాలు లేవని తేల్చాయి.

మరి కొందరు పిల్లలలో మార్పు ఎలా కనిపిస్తున్నది? 1999లో అమెరికాలో సెక్రెటిన్ అనే హార్మోనును పరీక్షించగా, అది పొందిన పిల్లలు, ఉప్పునీటి సూది మాత్రమే పొందిన పిల్లలు దాదాపు సమానంగానే మెరుగుపడ్డారు. వయసుతో వచ్చే ఎదుగుదల, కన్నవారి ఆశ మందు ఫలితంగా తోచవచ్చు.

"పోయేదేముంది?" అనుకోరాదు. బి6 మోతాదు మించితే నరాలు దెబ్బతినవచ్చు. విటమిన్ డి అధికమైతే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలకు హాని కలుగవచ్చు. డబ్బాలకు పోయే సొమ్ముతో బిడ్డకు మాటల శిక్షణ ఇప్పించవచ్చు.

2016 నాటి భారత ఆహార భద్రతా నిబంధనల ప్రకారం ఇటువంటి పోషక డబ్బాలపై, ఔషధంగా వాడేందుకు కాదన్న హెచ్చరిక ఉండాలి. ముందుగా దానిని చదవాలి. కొన్ని పదార్థాలే తినే బిడ్డకు పరీక్షలో లోపం తేలితే, వైద్యుని సలహాతో సరిచేయడం అవసరమే. అది పోషణ మాత్రమే, ఆటిజానికి చికిత్స కాదు. అదే హోసూరు రోడ్డుపై ఉన్న నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం ఉన్నది. డబ్బా కొనకముందే అక్కడ అడగడం మేలు.