నెలలు నిండని బిడ్డ ఆసుపత్రిలో: కోలుకుంటున్న వేళ ఎదురయ్యే వెనకడుగులు

వారం రోజులుగా బిడ్డ బరువు పెరుగుతోంది. ఆక్సిజన్ తగ్గించారు. గొట్టం ద్వారా పట్టే పాలు పూటకు ఐదు మిల్లీలీటర్ల నుంచి ఎనిమిదికి పెంచారు. రేపో మాపో తల్లి పక్కకు మారుస్తారని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. అంతలో ఒక తెల్లవారుజామున వార్డు నుంచి పిలుపు వస్తుంది. పొట్ట ఉబ్బిందని, పాలు ఆపామని, రక్తపరీక్షకు పంపామని, శ్వాసకు మళ్లీ యంత్రం అమర్చామని చెబుతారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల తల్లిదండ్రుల్లో చాలామందికి ఇది తెలిసిన అనుభవమే. కాన్పు రోజున కలిగిన భయం కన్నా, ఆశ చిగురించాక వచ్చిన ఈ దెబ్బే వారిని ఎక్కువగా కుంగదీస్తుంది.

గర్భం 37 వారాలు నిండకముందే జరిగే కాన్పును అకాల ప్రసవం అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు కోటీ 34 లక్షల మంది శిశువులు ఇలా జన్మించారు. వారిలో 30 లక్షల మంది భారతదేశంలో పుట్టినవారే. సంఖ్యలో ఏ దేశమూ మన దరిదాపుల్లో లేదు. ఇంత పెద్ద సమస్య అయినా ఆసుపత్రిలో గడిచే ఆ వారాల గురించి కుటుంబాలకు ముందుగా చెప్పేవారు తక్కువ. బిడ్డ రోజురోజుకూ మెరుగవుతుందని, ఒక రోజు ఇంటికి వస్తుందని మాత్రమే వారు ఊహించుకుంటారు. నిజానికి ఆ ప్రయాణం తిన్నగా సాగదు. వైకుంఠపాళిలో నిచ్చెన ఎక్కిన మరుసటి పందెంలోనే పాము నోట పడినట్లు ఉంటుంది. 32 వారాలలోపు పుట్టిన బిడ్డల్లో ఒక్క వెనకడుగూ లేకుండా ఇల్లు చేరేవారే అరుదు.

దీనికి కారణం బిడ్డ శరీరంలోనే ఉంది. తల్లి కడుపులో ఒక్కో అవయవం ఒక్కో సమయానికి పరిపక్వమవుతుంది. ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే పదార్థం 34, 35 వారాలకు గాని తగినంత తయారుకాదు. దీని లోపమే శిశువుల శ్వాసకష్టానికి మూలమని 1959లో అమెరికా వైద్యురాలు మేరీ ఎలెన్ ఏవరీ గుర్తించారు. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీకి ఐదున్నర వారాల ముందుగా పుట్టిన కుమారుడు ఇదే వ్యాధితో రెండు రోజుల్లో కన్నుమూశాడు. నేడు అదే వయసుతో పుట్టే బిడ్డకు సీప్యాప్ యంత్రం, అవసరమైతే సర్ఫాక్టెంట్ మందు జిల్లా కేంద్రాల్లో సైతం అందే అవకాశం ఉంది. అయితే ఊపిరితిత్తులు కుదుటపడినంత మాత్రాన మెదడులో శ్వాసను నడిపే కేంద్రం కుదుటపడినట్లు కాదు. అది చేతికొచ్చేలోగా పేగులు మొరాయించవచ్చు. ఒకటి సర్దుకుంటుండగా మరొకటి వెనకబడటం ఈ దశలో సహజం.

అన్ని వెనకడుగులూ ఒకే బరువు కలవి కావు. యంత్రం మోగే చప్పుడు మాత్రం అన్నింటికీ ఒకటే. అందుకే తల్లిదండ్రులకు ఏది చిన్నదో ఏది పెద్దదో తెలియదు.

పుట్టిన మొదటి రోజుల్లో బరువు తగ్గడం దాదాపు అందరు బిడ్డల్లోనూ కనిపించేదే. పుట్టినప్పటి బరువు తిరిగి రావడానికి నెలలు నిండని బిడ్డకు 10 నుంచి 14 రోజులు పట్టవచ్చు. కామెర్లకు నీలి కాంతి కింద ఉంచడమూ సాధారణ చికిత్సే. బిడ్డ 20 సెకన్లకు పైగా ఊపిరి ఆపడం, గుండె వేగం పడిపోవడం చూసేవారికి ప్రాణం పోయినంత పని. దీన్ని వైద్యులు అప్నియా అంటారు. వీపు మీద మెల్లగా తట్టడంతోనే చాలాసార్లు శ్వాస తిరిగి మొదలవుతుంది. పదేపదే వస్తుంటే కెఫీన్ మందు ఇస్తారు. కాఫీలో ఉండే కెఫీనే ఇది. శ్వాసకేంద్రాన్ని మేల్కొలిపి ఉంచుతుంది. ఎక్కువ మంది బిడ్డల్లో 36, 37 వారాల గర్భవయసుకు చేరేసరికి ఈ ఇబ్బంది దానంతటదే తొలగిపోతుంది. రక్తం తక్కువై ఎక్కించవలసి రావడం కూడా బాగా నెలలు తక్కువ ఉన్న బిడ్డల్లో తరచూ జరిగేదే. ఆ వయసులో ఎర్రకణాల తయారీ మందకొడిగా ఉంటుంది. పరీక్షలకు తీసే రక్తం కూడా ఆ చిన్ని శరీరానికి తక్కువేమీ కాదు.

గట్టిగా పట్టించుకోవలసినవి వేరే ఉన్నాయి. అప్పటివరకు బాగున్న బిడ్డ అకస్మాత్తుగా మందగించడం, ఒళ్లు చల్లబడటం, అప్నియాలు ఉన్నట్టుండి ఎక్కువ కావడం రక్తంలో ఇన్ఫెక్షన్‌కు సూచన కావచ్చు. పొట్ట ఉబ్బి, పైత్యపు రంగు వాంతులో, మలంలో రక్తమో కనిపిస్తే పేగు గోడ దెబ్బతినే వ్యాధిని అనుమానిస్తారు. పాలు ఆపి, యాంటీబయాటిక్‌లు మొదలుపెట్టి, ఎక్స్‌రేలు తీస్తూ గమనిస్తారు. కొందరికి శస్త్రచికిత్స తప్పదు. మెదడులో రక్తస్రావం ఎక్కువగా మొదటి మూడు రోజుల్లోనే జరుగుతుంది. మాడు మీద అల్ట్రాసౌండ్ పెట్టి దాని తీవ్రతను నాలుగు స్థాయిలుగా చెబుతారు. మొదటి స్థాయి అని విన్నవారికీ, నాలుగో స్థాయి అని విన్నవారికీ ఎదురయ్యే భవిష్యత్తు ఒకటి కాదు. ‘మెదడులో రక్తస్రావం’ అన్న మాట మాత్రమే చెవిన పడి ఇల్లు చేరిన తండ్రి ఆ రాత్రంతా ఊహించుకునేది నాలుగో స్థాయినే. ఏ స్థాయి అని అడగడం అతని హక్కు.

అలాంటి వేళ అడగవలసినవి నిజానికి కొద్దిపాటి ప్రశ్నలే. ఇది ఈ వయసు బిడ్డల్లో మీరు ఊహించేదేనా, కొత్తగా వచ్చిందా? ఇప్పుడు చికిత్సలో ఏం మార్చారు? అది పనిచేస్తోందో లేదో ఎన్ని గంటల్లో తెలుస్తుంది? ఈ మూడో ప్రశ్న ఎంతో ముఖ్యమైనది. బిడ్డ ఎలా ఉంటుందో వైద్యుడు చెప్పలేకపోవచ్చు గాని, 48 గంటల్లో కల్చర్ ఫలితం వస్తుందనో, రేపు ఉదయం ఎక్స్‌రే చూసి చెబుతామనో చెప్పగలడు. అంతులేని నిరీక్షణకు ఒక గడువు దొరుకుతుంది. జవాబులను ఒక చిన్న పుస్తకంలో రాసుకోవడం మంచిది. షిఫ్టు మారినప్పుడల్లా ఒక్కో నర్సు ఒక్కో రకంగా చెప్పారన్న అయోమయం దీనితో చాలావరకు తగ్గుతుంది.

పాలు ఆపినా పిండటం ఆపరాదు

వెనకడుగు వేళ తల్లి చేయగలిగినది ఏమీ లేదనుకోవడం పొరపాటు. బిడ్డకు పాలు ఆపిన రోజుల్లోనే చాలామంది తల్లులు నిరాశతో పాలు పిండటం మానేస్తారు. తాగని బిడ్డ కోసం పిండటం ఎందుకన్న దిగులు అర్థం చేసుకోదగినదే. కానీ పాలు తీయకపోతే కొద్ది రోజుల్లోనే ఉత్పత్తి తగ్గిపోతుంది. బిడ్డ పేగులు కోలుకుని పాలు మళ్లీ మొదలుపెట్టే నాటికి తల్లి దగ్గర చుక్క ఉండదు. పేగు వ్యాధి నుంచి, ఇన్ఫెక్షన్ల నుంచి బిడ్డను బాగా కాపాడేది తల్లిపాలే. కాబట్టి రాత్రి ఒక్కసారైనా కలుపుకొని రోజుకు ఎనిమిది సార్లు పిండటం కొనసాగించాలి. భద్రపరిచే పద్ధతిని వార్డు సిబ్బంది చెబుతారు. తల్లికి పాలు చాలనప్పుడు దాతల పాలు అందించే బ్యాంకులు ఉన్నాయి. దేశంలో మొదటిది 1989లో ముంబయిలోని సయన్ ఆసుపత్రిలో ఏర్పాటైంది.

రెండోది కంగారూ సంరక్షణ. బిడ్డను తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్లు తగిలేలా కట్టి ఉంచే ఈ పద్ధతి 1970ల చివర కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక పుట్టింది. పేదల తాత్కాలిక ఉపాయంగా మొదలై నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసుగా నిలిచింది. ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు ఆఫ్రికాలోని నాలుగు దేశాల ఆసుపత్రుల్లో జరిపిన అధ్యయనం ఫలితాలు 2021లో వెలువడ్డాయి. కిలో నుంచి 1,799 గ్రాముల వరకు బరువున్న బిడ్డలకు పరిస్థితి కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే కంగారూ సంరక్షణ మొదలుపెడితే మొదటి 28 రోజుల్లో మరణాలు 25 శాతం తగ్గినట్లు తేలింది. వెనకడుగు వచ్చినప్పుడు దీన్ని కొంతకాలం ఆపవలసి రావచ్చు. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టవచ్చో తల్లిదండ్రులే గుర్తుచేసి అడగాలి. తండ్రి కూడా ఇవ్వవచ్చన్న సంగతి మన వార్డుల్లో ఇంకా తగినంతగా ప్రచారం కాలేదు.

తల్లిదండ్రులను అద్దం అవతల నిలబెట్టే రోజులు కూడా మారుతున్నాయి. ఢిల్లీలోని రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రిలో మొదలైన అనుభవం ఆధారంగా, శిశు సంరక్షణలో కుటుంబాన్ని భాగం చేసే మార్గదర్శకాలను కేంద్ర ఆరోగ్య శాఖ 2017లో విడుదల చేసింది. చేతుల శుభ్రత నేర్పి, బిడ్డను తుడవడం, గొట్టం ద్వారా పాలు పట్టడం వంటి పనులను తల్లిదండ్రుల చేత చేయించడం దాని సారాంశం. అన్ని చోట్లా ఇది అమలులో లేదు. లేని చోట లోపలికి రానివ్వమని మర్యాదగా అడగడానికి ఈ మార్గదర్శకాలే ఆధారం.

ఇంటివారి మాటలు

వార్డు బయట బెంచీ మీద కూర్చున్న బంధువులు మరో బరువు. ‘ఏడో నెల బిడ్డ బతుకుతుంది గాని ఎనిమిదో నెల బిడ్డ దక్కదు’ అన్న నమ్మకం తెలుగు ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. ఇది పూర్తిగా తప్పు. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డ బతికే అవకాశాన్ని పెంచుతుంది తప్ప తగ్గించదు. బరువు ఎత్తినందుకో, గ్రహణం చూసినందుకో ఇలా జరిగిందని బాలింతను నిందించేవారూ ఉంటారు. అకాల ప్రసవానికి అధిక రక్తపోటు, ఇన్ఫెక్షన్లు, కవలల గర్భం వంటి కారణాలు ఉంటాయి. చాలాసార్లు కారణమే తెలియదు. రోజూ పదిమందికి ఫోనులో అదే కథ చెప్పలేక తల్లిదండ్రులు అలసిపోతారు. అందరికీ సమాచారం చెప్పే బాధ్యతను ఒక మేనమామకో పిన్నికో అప్పగిస్తే ఆ భారం దిగుతుంది.

ఈ హడావుడిలో తల్లి కూడా రోగేనన్న మాట మరుగున పడుతుంది. రక్తపోటు వల్ల ముందుగా కాన్పు చేసినవారికి ఆ ప్రమాదం కాన్పుతో ముగియదు. ఆ తరువాతి రోజుల్లోనూ పరీక్ష అవసరం. కుట్లు మానకముందే మెట్లు ఎక్కి దిగుతూ, అన్నం మానేసి కాపలా కాసే తల్లికి పాలు రావు. మనసు సంగతి మరీ చెప్పరానిది. వెనకడుగు తరువాత కొందరు తల్లులు బిడ్డను చూడటానికే రారు. దక్కదేమోనన్న భయంతో మమకారం పెంచుకోవడానికి జంకుతారు. పేరు పెట్టడం వాయిదా వేస్తారు. దాన్ని నిర్లక్ష్యంగా తీసుకోవడం అన్యాయం. మందుల కోసం, రక్తం కోసం, డబ్బు కోసం తిరిగే తండ్రి ఏడవడానికి కూడా తీరిక లేక తిరుగుతుంటాడు. దిగులు, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే సాయం తీసుకోవాలి. కేంద్రం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ ఉచితంగా అందుతుంది.

డబ్బు గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. ప్రైవేటు ఆసుపత్రిలో పది రోజులకు సరిపడా సర్దుకున్న కుటుంబాన్ని ఒక ఇన్ఫెక్షన్ నెల రోజుల ఖర్చులోకి నెడుతుంది. అప్పుడే చాలామంది వైద్యుల మాట కాదని బిడ్డను ఇంటికి తీసుకుపోతారు. ఇంత విషాదకరమైన నిర్ణయం మరొకటి ఉండదు, ఎందుకంటే దారి ఇంకా మూసుకుపోలేదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని నవజాత శిశు ప్రత్యేక సంరక్షణ విభాగాల్లో జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద జబ్బుపడిన శిశువుకు ఏడాది వయసు వరకు చికిత్స, మందులు, రవాణా ఉచితం. చేతిలో డబ్బు అయిపోయాక కాదు, సగం ఉండగానే బదిలీ మాట ఎత్తాలి. ముందుగా అక్కడ పడక ఉందో లేదో వైద్యుల చేతనే కనుక్కోవాలి. దారిలో బిడ్డ చల్లబడటం ప్రాణాంతకం. ఆటోలో గుడ్డలు చుట్టి తీసుకుపోవడం తగదు.

కొన్ని వెనకడుగుల నుంచి తిరిగి రావడం ఉండదు. తీవ్రమైన రక్తస్రావం, పేగు చాలావరకు పాడైపోవడం అలాంటివి. ఆ మాట చెప్పేటప్పుడు భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి పెద్ద డాక్టరే చెప్పాలని కోరవచ్చు. తల్లి తట్టుకోలేదని ఆమెకు దాచి తండ్రితో మాత్రమే చెప్పడం మన దగ్గర ఆనవాయితీ. మంచి ఉద్దేశంతో చేసేదే అయినా, తన బిడ్డను చివరిసారి ఒడిలోకి తీసుకునే అవకాశం దానివల్ల ఆమెకు దక్కకుండా పోతుంది.

ఇంటికి పంపే వారంలో వచ్చే వెనకడుగు చిన్నదే అయినా అందరికన్నా ఎక్కువ ఏడిపిస్తుంది. సాధారణంగా ఐదు నుంచి ఏడు రోజులు ఒక్క అప్నియా కూడా లేకుండా గడిస్తేనే బిడ్డను పంపుతారు. నాలుగో రోజున ఒక్కసారి ఊపిరి తడబడినా లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. బిడ్డ క్షీణించిందని దీని అర్థం కాదు. ఇంట్లో మానిటర్ ఉండదు గనుక ఆసుపత్రి తీసుకునే జాగ్రత్త ఇది.

ఇల్లు చేరాక తప్పిపోకూడనిది కంటి పరీక్ష. 34 వారాలలోపు పుట్టినవారికి, రెండు కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టినవారికి నెల నిండేలోగా రెటీనా పరీక్ష జరగాలి. 28 వారాలలోపు పుట్టినవారికి రెండు మూడు వారాలకే చేయాలి. రెటీనాలో రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరిగితే పైకి ఏమీ కనిపించదు. సకాలంలో లేజర్ చికిత్స చేస్తే చూపు నిలుస్తుంది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వంటి చోట్ల ఈ చికిత్స ఉంది. ఎదుగుదలను కొలిచేటప్పుడు రెండేళ్ల వయసు దాకా సవరించిన వయసునే లెక్కలోకి తీసుకోవాలి. రెండు నెలల ముందు పుట్టి ఇప్పుడు ఆరు నెలలు నిండిన బిడ్డను నాలుగు నెలల బిడ్డతోనే పోల్చాలి. టీకాలు మాత్రం సాధారణంగా పుట్టిన తేదీ లెక్క ప్రకారమే వేయించాలి.