మూడు ప్రాణాల లెక్క

2019 జూన్ 14న తెలుగు, తమిళాల్లో ఒకేసారి వచ్చిన ‘గేమ్ ఓవర్’ను చాలామంది దయ్యం సినిమాల ఖాతాలో వేసేశారు. అశ్విన్ శరవణన్ తీసిన ఈ సినిమాలో చచ్చిన తాప్సీ మళ్లీ లేస్తుంటే, ‘ఇది కలా, నిజమా’ అన్న తగువు దగ్గరే ఆగిపోయారు. జవాబు ఆమె ఆడే ఆటలోనే ఉంది.

ఆ ఆట ప్యాక్‌మ్యాన్. 1980లో జపాన్ కంపెనీ నామ్‌కో తెచ్చింది. వంకర దారుల్లో 240 చుక్కలు, 4 పెద్ద బిళ్లలు, వెంటపడే 4 దయ్యాలు. ఆడేవాడికి మామూలుగా 3 ప్రాణాలు. దయ్యాలు ఇష్టమొచ్చినట్టు తిరగవు: ఒకటి నేరుగా తరుముతుంది, ఇంకొకటి ముందు కాపు కాస్తుంది, మరొకటి దగ్గరిదాకా వచ్చి తప్పుకుంటుంది. ఒక ప్రాణం పోయినా తిన్న చుక్కలు తిన్నట్టే ఉంటాయి. పోయేది ప్రాణమే, సంపాదించింది కాదు.

(సినిమా చూడనివాళ్లు ఈ పేరా వదిలేయండి.) తాప్సీ వేసిన స్వప్న వీడియోగేమ్‌లు తయారుచేసే అమ్మాయి. చీకటంటే భయం. రెండు కాళ్లకూ కట్లు, చక్రాల కుర్చీ, తోడుగా పనిమనిషి కాళమ్మ. చేతి మీది టాటూ సిరాలో, హత్యకు గురైన ఓ అమ్మాయి చితాభస్మం పొరపాటున కలిసింది. క్యాన్సర్‌తో పోరాడిన పిల్ల. స్వప్నకు 3 ప్రాణాలు వచ్చింది ఆమె వల్లే. చచ్చి లేచినకొద్దీ, తనను చంపడానికి వచ్చింది ఒక్కడు కాదని, ముగ్గురని తెలుస్తుంది.

1993 నాటి హాలీవుడ్ ‘సూపర్ మారియో బ్రదర్స్’ ‘గేమ్ ఓవర్’కు తిరగేసిన కేసు. అదే పేరున్న వీడియోగేమ్ నుంచి పేర్లు తీసుకుంది, ఆట తీరు వదిలేసింది. 4.8 కోట్ల డాలర్ల దాకా పెడితే అమెరికాలో 2.1 కోట్లే వచ్చాయి. ‘గేమ్ ఓవర్’ ఏ ఆట కథనూ తీసుకోలేదు, ఆట నియమాన్ని తీసుకుంది. నా లెక్కలో అసలైన అనుసరణ ఇదే.

చావు నుంచి నేర్చుకోవడం ఆటలోనే కాదు, బొగ్గుగనిలోనూ ఉంది. బొగ్గుగనుల ఊరు గోదావరిఖని అంటే సినిమావాళ్లకు 2023 నాటి ‘దసరా’ గుర్తొస్తుంది. బొగ్గుబాయి పని తెలిసినవాళ్లకు మాత్రం ‘గేమ్ ఓవర్’ ఇంకా దగ్గర. ఎక్కడ నీళ్లున్నాయో, ఎక్కడ పైకప్పు కూలుతుందో ముందు పోయినవాళ్ల వల్లే తెలిసింది. నీళ్లు నిండిన పాత తవ్వకాలకు 60 మీటర్లలోపు తవ్వాలంటే అనుమతి కావాలని 1957 బొగ్గుగనుల నిబంధనల్లోనే ఉండేది. అయినా 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు.

స్వప్న రెండో ప్రాణం కూడా అంతే. ఏం జరగబోతోందో తెలుసు, అయినా పోతుంది. చాలామంది విసుక్కునే చోటు ఇదే. ఈసారి చూసినప్పుడు, జరిగిందే మళ్లీ జరుగుతోందని ఫార్వర్డ్ కొట్టకండి. మొదటిసారికీ రెండోసారికీ ఆమె ఏం మార్చిందో, ఏం మార్చలేకపోయిందో పోల్చి చూడండి.